పంటి బిగువు

నా దగ్గరికి మనుషులు రారు.
వాళ్ళ పళ్ళ అచ్చులు వస్తాయి,
అట్టపెట్టెల్లో, పాత పేపర్లలో చుట్టుకుని
ప్లాస్టరు పొడి రాలుస్తూ.
పోర్టోలో, రైలు స్టేషను వెనక,
వానొస్తే గోడ చెమర్చే నేలమాళిగలో
ఇరవై ఆరేళ్ళుగా
నేనెన్నడూ చూడని నోళ్ళకు
రాత్రి తొడుగులు చేస్తున్నాను.

పేరు, వయసు, పై దవడ, కింది దవడ.
చీటీ మీద అంతే ఉంటుంది.
మిగతాది పన్ను చెబుతుంది,
పన్ను చెప్పనిది తెల్మో చెబుతాడు.
పెట్టెలు మోసుకొచ్చే తెల్మో
కబుర్ల పుట్ట.

ఇదిగో, అదెరీతో, యాభై రెండు.
కొండ మీదికి బస్సు తోలతాడు.
దవడపళ్ళ గుట్టలన్నీ చదునై
అభ్రకంలా మెరుస్తున్నాయి.
బీపీ మాత్ర ఒకటి కాస్తా రెండయిందట.
ఇది ఇడలీనా. సార్డీను చేపల ఫ్యాక్టరీ.
నెల నెలా కొత్త కాంట్రాక్టు,
నెల నెలా అదే సంతకం.
ఈమె తొడుగు నాలుగు నెలల్లో చిల్లుపడి తిరిగొచ్చింది.
మందం పెంచి పంపాను.
మళ్ళీ వచ్చింది.
ఆమె వేలి మీద కత్తిగాటు
ఆరు వారాలైనా మానలేదని తెల్మో అన్నాడు,
పంటి సంగతికీ వేలి సంగతికీ
సంబంధమేమిటన్నట్టు.

పంటి బిగువున నెట్టుకొచ్చారు అంటాం కదా,
మెచ్చుకోలుగా.
ఆ బిగువు ఎంతో నాకు తెలుసు.
మిల్లీమీటర్లలో.

సంబంధం ఏమిటో డాక్టరమ్మ ఫోనులో చెప్పింది.
మూత్రపిండాల నెత్తిన టోపీల్లా
రెండు చిన్న గ్రంథులుంటాయట.
భయం తలుపు తట్టగానే
ఒళ్ళంతా గంట కొట్టేస్తాయి.
కాలేయం దాచుకున్న చక్కెర తీసి పంచుతుంది,
కడుపు వంట మధ్యలో పొయ్యి ఆర్పేస్తుంది,
గాయాలు మాన్పే పనివాళ్ళకు
తర్వాత రమ్మని కబురు వెళుతుంది.
అన్నీ సిద్ధం. ఇక పరిగెత్తాలి, లేదా కలబడాలి.

కానీ వచ్చింది ఇంటి యజమాని ఉత్తరం.
ఉత్తరంతో ఎలా కలబడతారు?
అద్దె నుంచి ఎటు పరిగెత్తుతారు?
అందుకని ఆ బలమంతా
ఎటూ పోలేక చెవి కిందికి జారి
దవడ కండరంలో కాపురం పెడుతుంది.
పగలు నవ్వుతుంది, టికెట్లు ఇస్తుంది.
రాత్రి ఒంటిగంటకు
పంటిని పంటితో నూరుతుంది.

అప్పుడు గంట కొట్టడం ఆపాలి కదా అన్నాను.
ఆపాలి అంది డాక్టరమ్మ.
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

మంగళవారం ఒక పెట్టె తేలిగ్గా వచ్చింది.
చిన్న అచ్చులు. పొరపాటేమోనని చీటీ చూశాను.
వాస్కో. పదకొండు.

కొత్తగా మొలిచిన ముందుపళ్ళకు
అంచున మూడేసి బుడిపెలుంటాయి,
బుజ్జి రంపంలా.
మొక్కజొన్న కొరికి, పెన్సిలు కొరికి
నింపాదిగా అరగాల్సినవి.
వీడికి అవి లేవు.
గీటు పెట్టి కోసినట్టు
నున్నగా ఉంది వరస.

తెల్మో ఈసారి కబురు చెప్పలేదు.
గుమ్మంలో నిలబడి
మా వీధి బిల్డింగే, మూడో అంతస్తు అన్నాడు.
పర్యాటకుల కోసం ఖాళీ చేయిస్తున్నారు,
గోడ అవతల అమ్మానాన్న మాట్లాడుకునేది
వాడికి వినబడుతుందని
వాళ్ళనుకోలేదు.

మెత్తటి రకం తీశాను.
పెరిగే నోరు, ఆరు నెలలకే ఇరుకవుతుంది.
అచ్చు మీద మైనం పరిచి అంచులు దిద్దుతుంటే
కణతల దగ్గర సలుపు.
చెయ్యి పెట్టి చూసుకున్నాను.
చెవి కింద రాయి.
ఎప్పటి నుంచి కరిచిపెట్టానో
నా పళ్ళు నేను.

తొడుగుతో పాటు పంపే కాగితం మీద
ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది,
వేలసార్లు మడతపెట్టాను, చదవలేదు:
పెదవులు కలవాలి, పళ్ళు కలవకూడదు.
మ్ అని చూడండి.

మ్ అన్నాను.
నేలమాళిగలో ఎవరూ లేరు.
ఇంకోసారి అన్నాను.
వాస్కో పెట్టె మీద పేరు రాసి,
ఇడలీనాది మూడోసారి తిరిగొచ్చినది తీసి
మందం పెంచకుండా
చాలాసేపు దీపం కింద తిప్పి చూశాను.