కండ్లు ఆఖర్ల

రాత్రి తొమ్మిదికి సల్వా రోడ్డు మీద
నా బండి పొగలు కక్కుకుంట మెల్లగ కదులుతది.
రెండు వందల డిగ్రీల్ల కరిగిన తెలుపు,
పక్క బండిల పసుపు.
కంపెనీ నాకిచ్చిన రంగులు రెండే.
వంక పోవద్దు, ఆగొద్దు,
లారీలు బుస్సుమని పోతుంటే
నడుమ గీత గీసుకుంట పోవాలె.

మా ఇంట్ల పటం ఎప్పుడు ఎర్రటి నేల మీదనే మొదలైతది.
ఇంగిలీకం నూరి నూరి నాయిన వేళ్లు
అన్నం కలుపుతుంటె గూడ ఎర్రగనే ఉండేవి.
పటం విప్పించి కథ వినేటోళ్లు తగ్గిన్రు,
నాకు వీసా వచ్చింది. గంతే.
అందుల ఏడ్వాల్సింది ఏం లేదు.

సనయ్యల మా రూముల ఎనిమిది మంచాలు.
మెస్సుల చారు కాచే జోసెఫ్‌ను బతిమాలి
చింతగింజలు దాపెట్టిచ్చుకున్న.
నానబెట్టి, రుబ్బి, పాత దుప్పటికి పూత పూసిన.
పొద్దున ఆరింటికి డ్యూటీ దిగి
అందరు ముసుగు తన్నినంక
కింది మంచానికి పర్దా దించి
నెత్తికి టార్చి కట్టుకొని గీసిన.
రెండు గంటల నిద్ర సాలనుకున్న.
మూడు వారాలు సాలింది గూడ.

నాలుగో వారం
అబూ సమ్రా దిక్కు మలుపు దాటినంక
నా తెల్ల గీత
కొంగ మెడ లెక్క ఒంపు తిరిగింది.
నిలబడే నిద్రపోయిన్నట.
ఫోర్‌మన్ కురియన్ తిట్టలె.
గ్రైండరు చేతుల పెట్టి ‘మిటా దో’ అన్నడు.
తెల్లారేదాక నా గీతను నేనే చెరిపిన.
ఒక్క మాట చెప్పాలె:
ఆ ఒంపు బాగుండె.
మూడు వారాలు పటం మీద గీసిన దేంట్ల గూడ
అంత పానం లేకుండె.
రూముకొచ్చి విప్పి చూస్తే
కుమ్మరి సారె, కుండలు, కుక్క, అన్ని బిర్రుగ,
చేయి గీసినట్టు లేదు,
పంతం గీసినట్టుంది.

పై మంచం భూమన్న తల కిందికి వంచి
‘బర్రెను పొద్దంత పిండుతవార?
దూడ ఏమైతది?’ అన్నడు.
దూడ ఎవరో
ఇద్దరం చెప్పుకోలె.

ఇప్పుడు శుక్రారం, పగటాల ఒక గంట.
ఒక్క రంగు.
కొన్ని శుక్రారాలు అది గూడ లేదు,
బట్టలు పిండుకొని, ఇంటికి ఫోన్ కొట్టి,
కోర్నిష్ గోడ మీద కాళ్లు ఏలాడేసుకొని
పల్లీలు తింట.
మొదట్ల పాపమనిపించేది.
ఇప్పుడు సగం పాపమే.

మా దాంట్ల కండ్లు ఆఖర్ల పెడుతరు.
అంతా అయినంక, రెండు చుక్కలు.
ఎనిమిది నెలల సంది బియ్యం సంచి కింద
నా కుమ్మరాయన చుట్ట చుట్టుకొని ఉన్నడు.
‘ఎప్పుడు పెడుతవు మరి?’ భూమన్న మొన్న అడిగిండు.
పండనియ్యన్నా, అన్న.
కండ్లు లేకున్నా ఈ రూముల
వాడొక్కడే
కంటినిండ నిద్రపోతున్నడు.