పద్నాలుగో నంబరు గాలం

దువ్వాడ షెడ్డులో ఏసీ మా కోసం కాదు,
ఈకల కోసం.
సముద్రపు చెమ్మ తగిలితే కోడి ఈక వాలిపోతుందని
సుగుణమ్మ గారు మొదటిరోజే చెప్పారు.

ముందు గాలాన్ని వైసు నోట్లో బిగించాలి,
పద్నాలుగో నంబరు, వడ్లగింజంత.
కుందేలు నూగు చిటికెలో నలిపితే పొట్ట,
దాని మీద మెడ ఈక ఆరు చుట్లు,
పైన ఏదో చలిదేశపు జింక వెంట్రుకలు
పదిహేనో ఇరవయ్యో. నేను లెక్కపెట్టను,
వేళ్లకి తెలుసు.
ముడి. చుక్క వార్నీషు.
కాడిస్ ఈగ అంటారు దీన్ని. డజను లెక్కన కూలి.

గోడ మీది ఛార్టులో
ఈగకి ముందు బొమ్మ ఒకటుంది, చిన్న గొట్టం.
పెన్సిలు ముక్క అనుకునేదాన్ని.

దీన్ని మింగే చేపనీ చూడలేదు.
ట్రౌటట, ఒంటినిండా చుక్కలట.
డబ్బా మూత మీద నోరు తెరుచుకుని
అచ్చం అప్పు అడగడానికొచ్చిన
మా మేనమామ ఎల్లాజీలా ఉంటుంది.

అయ్యకి ఒకటి తెచ్చి చూపించాను.
కోనాంకీ సూరకీ
చీరంచు జరీపోగులు కట్టి నలభై ఏళ్లు ఎర వేసినవాడు.
చూపు ఆనక, అరచేతిలో పెట్టుకుని
ఉఫ్ అని ఊదాడు.
ఎగరలేదు.
"వోసన నేదేటే?
వోసన నేని ఎర ఏ సేప తింటాది?"
పట్టి మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారట అయ్యా, అన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"మరైతే దానికెందుకే అంత నొప్పి?"

మొన్న ఆదివారం
షెడ్డు ఆడవాళ్లం జీపు కట్టించుకుని అనంతగిరి ఎక్కాం.
అందరూ బొంగు చికెన్ చుట్టూ చేరితే
నేను గెడ్డలో దిగి రాయి ఒకటి తిరగేశాను.
అడుగున అంటుకుని, ఇసుక రేణువుల గొట్టం.
పెన్సిలు ముక్క.
ఒక్కో రేణువూ ఏరి, తిప్పి, అతికించి,
మధ్యలో ఎక్కడిదో
అభ్రకం తునక ఒకటి పెట్టుకుంది,
గుమ్మానికి అద్దం ముక్కలా.
కొసనుంచి తల బయటపెట్టి
కాళ్లతో నీటిని తడిమి చూసి
లోపలికి లాక్కుంది.

వైసు లేదు. సుగుణమ్మ గారు లేరు.
ముడి ఎక్కడ వేసిందా అని వెతికాను,
కనిపించలేదు.

రాయిని ఉన్నదున్నట్టు పెట్టడం కుదరలేదు.
రెండుసార్లు తిప్పాను, నీళ్లు బురదయ్యాయి.
పైనుంచి నన్ను పిలుస్తున్నారు, ముక్కలు చల్లారిపోతున్నాయని.

సోమవారం మొదటి డజనులో మూడు రిజెక్టు.
రెక్క దట్టమైందన్నారు.
పక్క బల్ల మీద నూకరత్నం నవ్వింది,
కొండెక్కొచ్చి చెయ్యి మర్చిపోయావా అని.
నేను పైకే లెక్కపెట్టుకుంటూ కట్టాను ఆ పూటంతా,
పదమూడు, పద్నాలుగు, పదిహేను,
కొత్తగా చేరినదానిలా.