ఒకరి దుమ్ము

గురువారం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా.
నాలుగు గంటలు, గంటకి తొమ్మిది యూరోలు.
చక్కెర డబ్బా కింద ముప్పైఆరు పెట్టి
ఆ పూట నేను బయటికి పోతాను.
ఒకరు వంగి తుడుస్తుంటే
కుర్చీలో కాళ్లెత్తి కూర్చోవడం
డెబ్బైరెండేళ్లొచ్చినా నాకు చేతకాలేదు.

అలా పదిహేడు గురువారాలు
సెతూబల్ చేపల బజారులో
కొనని చేపల కళ్లలోకి చూశాను.
తర్వాత పడవెక్కి, అవతలి ఒడ్డు దాకా వెళ్లి
దిగకుండా అదే పడవలో తిరిగొచ్చేదాన్ని.

పద్దెనిమిదో వారం పడవలవాళ్ల సమ్మె.
పదకొండున్నరకే ఇంటికొస్తే
తలుపుకి తాళం.
నేల ఎప్పుడో ఆరిపోయింది.
చక్కెర డబ్బా కింద ఏమీ లేదు.

కింది వాటాలో ఎర్మెలిందా నవ్వింది:
"నీకు తెలీదా? ప్రతివారం పదకొండుంపావుకే దిగిపోతుంది,
మెట్ల మీద పాడుకుంటూ."

పోయిన గంటలకన్నా
ఆ పాట దగ్గర మండింది నాకు.

సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలో
ముప్పైయేళ్లు జీతాల పద్దు రాసినదాన్ని.
ఐదు నిమిషాల ఆలస్యానికి
పావుగంట కోసిన చెయ్యి ఇది.
కాగితం తీశాను.
వారానికి గంటా ముప్పావు, పద్దెనిమిది వారాలు,
ముప్పైఒకటిన్నర గంటలు,
రెండువందల ఎనభైమూడున్నర యూరోలు.
ఆ చివరి అర యూరో
రాత్రంతా చెవిలో దోమలా తిరిగింది.

వారమంతా మాటలు నూరుకున్నాను.
దులిపేద్దామనుకున్నాను, కడిగేద్దామనుకున్నాను,
ఉతికి ఆరేద్దామనుకున్నాను.
తీరా చూస్తే ఆ పనులన్నీ
నాకన్నా ఆమెకే బాగా వచ్చు.

గురువారం నేను కదల్లేదు.
జుల్మీరా వచ్చింది, బకెట్ దించింది,
బల్ల మీది కాగితం చూసింది.
అంకెలు చదివింది. చెప్పులు విడవలేదు.

"ఏడేళ్లుగా వస్తున్నాను, దోనా ఒట్టీలియా.
ఫిర్మీను గారున్నప్పుడు
ఈ ఇంట్లో నాలుగు గంటల పని ఉండేది.
బాల్కనీలో బొమ్మపడవల రంపప్పొట్టు,
గచ్చు మీద ఎండిన నీలిరంగు చుక్కలు,
అద్దం కింద గడ్డం వెంట్రుకలు,
ఏ గదిలో అడుగేసినా రొట్టె పొడి.
ఇప్పుడు ఒకరి దుమ్మే ఉంది.
రెండుంపావు గంటల్లో అయిపోతుంది.
మొదటి రెండు వారాలూ ఒంటిగంట దాకా ఉన్నాను,
తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ.
చెయ్యి ఆడలేదు."

"మరి నాతో చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను, దుమ్ము తగ్గిందనా?"
కాసేపాగి, నిజాయితీకో, మొండితనానికో
ఇంకో మాట కలిపింది:
"చెప్తే డబ్బు కోస్తారని కూడా అనుకున్నాను."

రెండు వారాలు తీసేస్తే ఇరవైఎనిమిది గంటలే
అని నా బుర్ర అప్పుడు కూడా లెక్క సవరించింది.
సిగ్గేసింది. అయినా సవరించింది.

బేరమాడుకున్నాం.
నేను రెండున్నర అన్నాను, ఆమె మూడు అంది.
కిటికీ ఊచలు, పొయ్యి లోపల,
అలమారల మీద ఎవరి చెయ్యీ అందని చోటు
కలిపి, మూడు దగ్గర ఆగాం.
పాత బాకీ నేను అడగలేదు.
మాఫీ చేశాననీ అనలేదు.
పద్దులో ఉంది, కింద గీత గీయకుండా.

ఆమె వెళ్లేటప్పుడు చెవొగ్గి విన్నాను.
ఆ రోజు పాడలేదు.

నిన్న బుధవారం రాత్రి
రొట్టె కాల్చుకుని పళ్లెం తీయబోయి
ఆగాను.
నలభైయేళ్లు ఆయన్ని తిట్టిన పని అది.
నడవాలోకి తింటూ నడిచాను,
అక్కడినుంచి పడగ్గదిలోకి,
చీకట్లో బాల్కనీ దాకా.

వెనక్కి తిరిగి చూడలేదు.
కాలికింద మాత్రం
కరకరమంది.