మేకుల లెక్క

తార్నాకల పాత కాయిదాలకు దవా చేసే పని నాది.
గోధుమ గంజి, మెత్తటి కుంచె, ఓపిక.
ఎండిన పుటను తడిగుడ్డ మీద పండబెట్టి
జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు చూస్త.

ఇయ్యాల నా బల్ల మీదికి రెండొచ్చినయ్.
ఒకటి ఒడంబడిక. బంగారు పొడి చల్లిన కాయిదం,
అరచెయ్యంత మొహర్లు.
లక్క ఇంకా ఎర్రగనే ఉన్నది,
నిన్న రాలిన మోదుగు పువ్వు లెక్క.
జహీరుద్దీన్ సాబు అద్దం పెట్టి ఫారసీ చదివిండు:
ఒకరి దోస్తులు ఇద్దరికీ దోస్తులు,
ఒకరి దుష్మన్లు ఇద్దరికీ దుష్మన్లు,
సూర్యచంద్రులున్నంత కాలం.
చదివి, కళ్లద్దాలు తుడుచుకొని,
"దీని కింద జీతాల లెక్క కూడ ఉన్నది" అన్నడు.

జీతాలు మనయి. తుపాకులు వాళ్లయి.
సాగర్‌కు ఆ పక్క డేరాలేసిండ్రు.
డేరాలు గోడలైనయ్, గోడలు బజార్లైనయ్,
కర్చు ఎల్లక మనం జిల్లాలు రాసిచ్చినం.
దోస్తు అంటే గట్లనే ఉంటడేమో,
బాకీ పడ్డదాంక బయటపడడు.

రెండోది చినిగిన బహీ.
ఉర్దూ రాత, నడుమనడుమ తెలుగు అంకెలు.
మొదటి పెద్ద లడాయి నాడు, సూయజ్ కాలువ కాడ,
మన రిసాలా గుర్రాలకు నాడాలు కొట్టిన
నాల్‌బంద్ మొగులయ్య రాయించిన లెక్క.
మనయి, మైసూరోళ్లయి, జోధ్‌పురోళ్లయి,
మూడు సంస్థానాల గుర్రాలు ఒక్క తాడుకు కట్టిండ్రు.
మూడు జెండాలు, మూడు తీర్ల రొట్టెలు,
పైన ఒక గోరా సాబు.
ఎందుకొచ్చినమో మొగులయ్యకు ఎవరు చెప్పిండ్రు?
దుష్మన్ మొఖం ఆయన చూసిండో లేదో.
చూసింది మాత్రం డెక్కలు:
ఇసుకకు పగిలినయి, ఉప్పునీళ్లకు మెత్తబడ్డయి.
డెక్కకు ఏ దర్బారు?
మోకాలు కిందికి అరచెయ్యి పోతే
ఏ రాజు గుర్రమైనా కాలెత్తుతది.

ఒక పుటల గిట్ల ఉన్నది:
"మైసూరు ముద్దప్పకు బదులిచ్చిన మేకులు, ఐదు నూర్లు.
జోధ్‌పురు భీకారాముకు కొలిమి బొగ్గు, రెండు బస్తాలు.
భీకారాము కాడ తెచ్చుకున్న తోలు, ఒకటి, మంచిది.
ముద్దప్ప కాడికెళ్లి తిరిగొచ్చిన మేకులు"

గక్కడ పురుగు తిన్నది.
నూరేండ్ల తీరికతోని, గుండ్రంగ,
చిటికెనవేలు దూరేంత తొర్ర.
తొర్ర అవతల ఒక్క మాట మిగిలింది: "వానకు".
వానకు ఏమాయె? తుప్పు పట్టినయా?
ముద్దప్పనే మంచం పట్టిండా?
ఆ ఇసుక దేశంల వాన ఎక్కడిది?

లడాయి గెలిచిండ్రు. పేరు ముందు దూకినోళ్లకు పోయింది,
మనోళ్లు ఎనక ఖైదీలను తోలుకపోయిండ్రంట.
గా ముచ్చట వేరే కట్టల ఉంటది,
నా బల్ల మీదికి రాలె.

పనిల చేరిన నాడు సాబు చెప్పిండు:
తొర్రను కాయిదంతో నింపు, మాటతో నింపకు.
నింపిన. అదే మందం, అదే రంగు.
గంజి ఆరేదాంక కిటికీ కాడ కూసున్న.
నోట్లకు రెండు మూడు అంకెలొచ్చినయ్,
నాలుగు నూర్లు, నాలుగు నూర్ల తొంబై.
మింగిన.

ఒడంబడికకు మాత్రం ఒక్క తొర్ర లేదు.
చందనం పెట్టెల దాచిండ్రు.
సూర్యచంద్రులు ఉన్నరు,
మొహర్లేసిన రెండు సర్కార్లే లేవు.

పొద్దుగూకినంక బస్సు.
"లష్కర్, లష్కర్" అని కండక్టర్ ఒర్లుతుండు.
లష్కర్ అంటే ఫౌజని ఎవరికి యాది?
బోనమెత్తిన ఆడబిడ్డకు అది అమ్మవారి తావు,
నాకు దిగే స్టాపు.
నోటిచ్చిన. చిల్లర లేదన్నడు,
టికెట్టు ఎనక పెన్నుతో గీకిండు: ఐదు.
దిగేటప్పుడు అడుగు అన్నడు.
జనం తోసుకుంట ఆయనను ముందుకు తీస్కపోయిండ్రు.
నేను ఆ అంకె మీద బొటనవేలు పెట్టి నిలబడ్డ.
చెమటకు సిరా కరుగుతున్నది.