పోగు తెగింది

డండీలో నవంబరు నెల. మూడున్నరకే దీపాలు పెట్టేశారు.
టే నది మీద వంతెన సగం దాకానే కనబడుతోంది,
మిగతా సగం ఉందని నమ్ముకుని రైలు వెళ్తోంది.
నేను మైక్రోటోమ్ ముందు కూర్చుని
మైనపు దిమ్మలోంచి ఒక మనిషిని
ఆరు మైక్రాన్ల పొరలుగా తీస్తున్నాను.
ఉల్లిపొర దీని ముందు దుప్పటి.

లేబుల్ మీద పేరుండదు.
ఒక అంకె, వయసు ఎనభై ఏడు,
మెదడు బరువు వెయ్యిన్నీ ముప్ఫై గ్రాములు.
వృత్తి అన్న గడిలో ఎవరో పెన్నుతో రాశారు:
జనపనార మిల్లు. నేత. ఇరవై ఆరేళ్ళు.

చెయ్యి ఆగింది.
మా నాన్న నెల్లిమర్ల మిల్లులో ఫిట్టరు.
ఇంటికొచ్చాక "ఉప్పందుకో" అన్నా
వీధి వీధంతా తగువనుకునేది.
అలసిపోయిన రోజున మాత్రం నోరు విప్పకుండా
రెండు వేళ్ళు తిప్పి అమ్మకేదో చెప్పేవాడు.
మేం నవ్వేవాళ్ళం. ఏమిటని అడగలేదు.

నాడీకణంలోనూ పడుగు ఉంటుంది.
సన్నటి గొట్టాలు, వాటి మీదుగా
సరుకు మోస్తూ నడిచే కూలీ ప్రోటీన్లు,
ఆ గొట్టాలు విడిపోకుండా పట్టి ఉంచేది టౌ.
ఒక ఫాస్ఫేటు అంటుకుంటే ఏమీ కాదు.
రెండు, మూడు, అదీ మామూలే.
ఎన్నో దానికో తెలీదు, హద్దు దాటాక
పట్టు వదిలేస్తుంది,
పడుగుని గాలికొదిలి తనలో తనే పేనుకుంటుంది.
ఊరుకుంటుందా,
పక్కదానికీ ఆ మెలిక నేర్పుతుంది.
చెడు సావాసం అణువులకీ ఉంది.

యాంటీబాడీ పోసి, కడిగి,
గోధుమరంగు ఎక్కేదాకా గడియారం చూస్తాను.
పుస్తకాల్లో వీటిని జ్వాలలంటారు.
నాకు ఎప్పుడూ నారపీచే,
నాన్న చొక్కా దులిపితే రాలేది.

ఫైల్లో నర్సు రాసిన కాగితం ఒకటుంది.
మాట పోయి నాలుగేళ్ళు.
చేతులు ఊరికే ఉండవు, గాల్లో ఏవో గీతలు.
ఆందోళన, అని రాసి రాత్రి మాత్ర కలిపారు.
ఒక ఆదివారం నెట్టా అనే ముసలావిడ
పక్కగదికి చూపుకొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.
"అది ఆందోళనేమిటి, అది మాట.
మగ్గాల హోరులో గొంతులెక్కడ వినపడతాయి,
మేమంతా చేతుల్తోనే మాట్లాడుకునేవాళ్ళం.
పోగు తెగింది, ఎవరన్నా రండి, అంటోంది."
నాలుగేళ్ళుగా అదే అంటోంది.
నెట్టా గుమ్మంలోంచే చేత్తో జవాబిచ్చిందట.
వస్తున్నా, అని.
ఆ రాత్రి మాత్ర వేశారో లేదో కాగితంలో లేదు.

పై అంతస్తులో మందు పరీక్షలు.
అమిలాయిడ్ ఫలకాల్ని ఊడ్చేసే మందు.
ఊడుస్తుంది, అబద్ధం కాదు,
స్కానులో ఎరుపు తగ్గుతుంది.
కొందరికి మెదడు వాస్తుంది, నెత్తురు చుక్కలు కడుతుంది.
జారడం కాస్త నెమ్మదిస్తుంది.
కాస్త అంటే ఎంత, అన్నాడు కిందటి వారం ఒక భర్త.
కొన్ని నెలలు.
"అంటే ఒక బంగాళాదుంపల పంట," అని
వేళ్ళమీద లెక్కేసుకుని
భార్య బదులు సంతకం చేశాడు.
కలానికి మట్టి అంటింది.

నా పని హిప్పోకాంపస్‌తో అయిపోయింది.
అయినా చేతుల్ని కదిపే భాగమున్న దిమ్మ
అడిగి తెచ్చుకున్నాను.
కటకం కింద నీలం, నీలం,
ఎక్కడో ఒకటీ అరా గోధుమ మరక.
ఇది రుజువు కాదు. అక్కడికి ఆఖరున చేరుతుందని
అందరికీ తెలిసిందే, ఒక్క మనిషితో ఏదీ తేలదు.
అయినా చాలాసేపు చూశాను.

ఆ సైగ ఎలా ఉంటుందో ఎవరూ గీసిపెట్టలేదు.
రెండు వేళ్ళా, అరచెయ్యా,
తిప్పడమా, తుంచడమా?
రేపు ఆ హోమ్‌కి ఫోను చెయ్యాలి.
నెట్టా ఉంటే
తొంభై దాటి ఉంటుంది.