పంగ దగ్గర

రాత్రి రెండున్నర.
క్లాక్స్‌విక్ రేవులో పడవల తాళ్లు కిర్రుమంటున్నాయి.
రన్‌వా దీపం వేయకుండానే లేచి
చన్నీళ్లలో మొక్కజొన్న పిండి కలుపుతుంది.
పచ్చిపిండే. ఉడికిస్తే తొందరగా అరిగిపోతుంది,
తెల్లారేదాకా ఆగదు.
అడుగున పేరుకోకుండా చెంచాతో తిప్పుతూ
చీకట్లోనే గడప దాటుతుంది.

ఈ దీవుల్లో చెట్లు లేవు.
గాలి మొలవనివ్వదు, మొలిచినా గొర్రెలు మిగల్చవు.
ఉన్న నాలుగూ రాతిగోడల చాటున
చేతులు ముడుచుకుని నిలబడతాయి.
సున్నువా కాలేయంలో మాత్రం
అడవి.
తిన్న ప్రతి బంగాళాదుంపా అక్కడ కొమ్మై,
కొమ్మ మీద కొమ్మై,
ఐదేళ్ల పిల్లకి పొట్ట ముందుకొచ్చింది.

డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు.
ఆకలి వేళ ఒక ఎంజైము కొస నుంచి మొదలుపెట్టి
ఒక్కో చక్కెర గింజా తెంపుకుంటూ వస్తుంది.
పంగ ఇంకా నాలుగు గింజలుందనగా
ఆగిపోతుంది. దాని పని అంతవరకే.
అక్కడికి ఇంకొకటి రావాలి.
మూడు గింజలు ఎత్తి పక్క కొమ్మకి అతికించి,
పంగలో మిగిలిన ఒంటి గింజని
తుంచాలి.
"ఆ రెండోది మీ పాపకి పనిచేయదు" అన్నాడు,
పెన్నుకి మూత పెడుతూ.

అత్తగారు ఆర్మ్‌గర్డ్‌కి ఉన్ని భాషలో అర్థమైంది.
"గుంజితే ముడి బిగుస్తుంది.
విప్పే వేలు ఉండాలి" అంది.
అన్నాక చాలాసేపు తన వేళ్లే చూసుకుంది.
ఈ లోటు రెండు వైపుల నుంచీ రావాలట.
చర్చి పుస్తకంలో వెనక్కి, ఇంకా వెనక్కి వెళితే
రోయి వాళ్లూ రన్‌వా వాళ్లూ
ఒకే పడవ దిగినవాళ్లు.
గొర్రెలతో, బార్లీ విత్తనాలతో పాటు
ఎవరికీ తెలియకుండా
ఇదీ దిగింది.

రోయి ఇప్పుడు ఐస్‌లాండ్ వైపు, కాడ్ చేపల వెంట.
ఫోన్లో ఒకటే మాట పంపుతాడు: తాగిందా?
ఏ అలల మీద ఉన్నా
రెండున్నరకి మెలకువగానే ఉంటాడు.

పిల్ల కళ్లు తెరవదు. గ్లాసు అంచు పెదాలకి తగిలితే
నోరు తెరుస్తుంది, గూట్లో పఫిన్ పిల్లలా.
పై పెదవి మీద సుద్దముక్క గీసినట్టు తెల్లటి మీసం.
"ఇంకెన్ని?"
"నాలుగు గుక్కలు."
మూడు తాగి, మొహం తిప్పుకుని
నిద్రలోకి జారిపోతుంది.

గ్లాసు అడుగున ఒక్కటి.
రన్‌వా మంచం అంచున కూర్చుని
పిల్ల వీపు మీద వేలితో మెల్లగా రాస్తూ ఉంటుంది.
తొందరేం లేదు.
ఆ ఒక్కటీ తాగేదాకా
ఇక్కడే.