ఇసుక డబ్బా

బయట మైనస్ ముప్పై నాలుగు.
తలుపు తెరిచినప్పుడల్లా
మనిషికంటే ముందు చలి వచ్చి కుర్చీలో కూర్చుంటుంది.
దాని వెనకే డులమ్‌సురేన్ అవ్వ.
పొడవాటి దెల్ అంగీ రొమ్ముమడతలోంచి ఫోన్ తీసి
బల్లమీద పెట్టింది,
గూట్లోంచి గుడ్డు తీసినట్టు.
"కొత్తది వద్దు. దీనికే ప్రాణం పొయ్యి."

వెనక మూత మూసుకోవటం లేదు.
పచ్చిమేత తిని పొట్టుబ్బిన మేకలా ఉంది
లోపల బ్యాటరీ.
"ఎప్పట్నించి?"
"మొదటి మంచు నుంచీ.
సగం ఛార్జింగ్ ఉందంటుంది,
హలో అనేలోపు కన్నుమూస్తుంది.
పాపం చలికి తట్టుకోలేకపోతోందని
రోజూ రాత్రి ఇనప పొయ్యి పక్కనే పడుకోబెడుతున్నా,
ఉన్నిగుడ్డ చుట్టి, ఛార్జర్ పెట్టి మరీ."

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.
మా గురువు చోయ్‌జిల్ అయితే కసిరేవాడు.
ఆయన ఎడమ బొటనవేలికి గోరు లేదు.
ఇలా ఉబ్బినదాన్నొకదాన్ని
కత్తిమొనతో పెకలించబోయిన రోజు పోయిందది.

"అవ్వా, మంచులో బిగుసుకుపోయిన గొర్రెపిల్ల దొరికితే
ఏం చేస్తావ్?"
"అంగీలో వేసుకుంటా."
"పొయ్యి పక్కన పెట్టవా?"
"పెడితే చస్తుంది. ఆమాత్రం తెలీదా..."
ఫోన్ వంక చూసింది. నా వంక చూసింది.
"దీనిక్కూడా ఒళ్ళుందని నాకెవరు చెప్పారు?"
ఉన్న ఒక్క పైపన్నూ కనపడేట్టు నవ్వింది.

ప్లాస్టిక్ రేకు అంచుతో మెల్లగా లేపాను.
గుచ్చలేదు, వంచలేదు.
పైకి వచ్చేదాకా ఇద్దరం ఊపిరి తియ్యలేదు.
పాత టీపొడి డబ్బాలో తమిర్ ఏటి ఇసుక,
ఇసుకలో అది.
డబ్బా ఉండేది షాపు వెనక, కట్టెలకి దూరంగా.
నెలకోసారి పట్నం వెళ్ళే వ్యానులో
అక్కడి వాళ్ళ చేతికే చేరాలి.
చెత్తబండి దానంతటదే అంటుకున్న రాత్రి
ఈ ఊరింకా మర్చిపోలేదు.

"ఇదే సైజుది ఇంకోటి వెయ్యి మరి."
ఉంది, సొరుగులో ఉంది.
కంపెనీ పేరు లేదు,
అంకెలు ఒకదానిమీద ఒకటి అచ్చుపడ్డాయి.
చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.
అమ్మితే నాకు నాలుగు డబ్బులు.
ఆమె దాన్ని పెట్టుకునేది గుండెమీద.
సొరుగు మూసేశాను.

ఇక కొత్తదే.
నంబర్లు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నా,
పేర్లు మార్చొద్దని పక్కనే కూర్చుంది:
తోడేలుని చూసినవాడు.
తట్టుమచ్చల గుర్రం పిన్ని.
అప్పు.
అప్పు రెండు.
"ఈ రెండో అప్పుకి ఫోన్ పోవటం లేదవ్వా, తీసెయ్యనా?"
"ఉంచు. పోయినవాడు బాకీపడ్డా బాకీయే."

"చలిలోంచి రాగానే ఛార్జర్ పెట్టకు.
కాసేపు ఇంటి వెచ్చదనానికి అలవాటు పడనీ.
పడుకునేటప్పుడు దుప్పటి కింద వద్దు."
"గుర్రాన్నీ అంతేగా," అంది,
"పరుగెత్తించి తెచ్చాక
వెంటనే నీళ్ళు పెట్టం."
నేను ఇంకేం చెప్పాలి?

లెక్కపెట్టి డబ్బులిచ్చింది, ఓ రెండొందలు తక్కువ.
పాత ఫోన్‌కున్న గుర్రపు వెంట్రుకల తాడు విప్పి
కొత్తదానికి నాలుగు ముళ్ళు వేసింది.
ఖాళీ ఫోన్ వంక తిరిగి చూడలేదు.

రాత్రి షట్టర్ దించుతుంటే నా ఫోన్ మోగింది.
కొత్త పేరు: తక్కువ ఇచ్చిన అవ్వ.
"మోగుతోందా లేదా అని చూశా," అంది.
"అంగీలోంచి తియ్యకుండానే మాట్లాడుతున్నా."
తర్వాత ఇంకేదో కూడా అంది.
సగం ఉన్నిలో ఇంకిపోయింది.